బయటి నిపుణులు – లోపలి ఉద్యోగులు

"మీ అబ్బాయి ఏమి చేయుచున్నాడు?" అని గోదావరి జిల్లాలలో అడిగినచో నేడు తరచుగా వచ్చు సమాధానము "కన్సల్టెంటుగా ఉన్నాడండీ" అనునది. రాజమహేంద్రవరమునుండి కోరుకొండకు పోవు బస్సులోను, ఫాల్గుణమాసమున నరసింహస్వామి రథోత్సవమునకు వచ్చిన చుట్టముల నడుమను, పెండ్లి సంబంధములు మాటలాడు అరుగులమీదను ఈ మాట వినబడుచునే యుండును. అయితే ఆ అబ్బాయి ఎవరికి సలహా చెప్పుచున్నాడు, ఏ విషయమున చెప్పుచున్నాడు అని మరల అడిగినచో చెప్పినవారే తటపటాయింతురు. ఇంగ్లీషు నిఘంటువునుబట్టి కన్సల్టెంటు అనగా సలహాదారు. మన వాడుకలో ఆ మాటకు అర్థము మారినది. ఒక కంపెనీ జీతము ఇచ్చుచుండగా వేరొక సంస్థ ఆఫీసులో కూర్చుండి అక్కడి కంప్యూటరు పని చేయువాడు కన్సల్టెంటు. అట్టివారిని కుదిర్చి పంపునది కన్సల్టెన్సీ. సలహా మాట ఎట్లున్నను గంటల లెక్క మాత్రము ఖాయము.

ఆ అబ్బాయి ప్రక్క కుర్చీలో మరియొకరు ఉందురు. వారు ఆ ఆఫీసు సొంత ఉద్యోగులు. ఈ ఇరువురి సాహచర్యము ఎట్లు నడచును, ఎక్కడ చెడును, చెడినప్పుడు ఆ నష్టము ఎవరి నెత్తిన పడును అను విషయమును ఈ ప్రసంగములో మేము వివరింపదలచితిమి.

పెద్ద ఆఫీసు ఏదైనను, అది బ్యాంకు కానిండు, ఆసుపత్రి కానిండు, తపాలా శాఖ కానిండు, దానికి నేడు కంప్యూటరు విభాగమొకటి తప్పదు. జీతముల పట్టికలు, ఖాతాలు, రసీదులు, దస్తావేజులు అన్నియు ఆ విభాగము చేతిమీదుగనే నడచును. ఇట్టిచోట లోపలివారు, బయటివారు అను భేదము మన రైతునకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. సంవత్సరమునకు కుదిరిన పాలేరు వేరు, నాట్లకు వచ్చిన కూలి వేరు, నీటి ఇంజను చెడినప్పుడు పట్నమునుండి రప్పించిన మేస్త్రీ వేరు. ఏ మడిలో నీరు నిలుచునో, ఏ గట్టు తెగునో పాలేరునకు తెలియును. మేస్త్రీకి ఇంజను తెలియును. మేస్త్రీ వచ్చిననాడు పాలేరు ప్రక్కన లేకపోయినచో ఇంజను బాగుపడవచ్చును గాని, నీరు మాత్రము ఎవరి చేనికో పోవును.

బయటినుండి వచ్చువారిలోను తరగతులు కలవు. కొందరు నిజముగనే సలహాకొరకు వత్తురు. ఆరు వారములు ఉండి, పటములు గీసి, నివేదిక నిచ్చి వెడలిపోదురు. కొందరు గుత్తకు పని పట్టుదురు: ఇంత సొమ్మునకు ఇట్టి ప్రోగ్రాము, ఫలానా తేదీకి అప్పగింత. తక్కినవారే ఎక్కువమంది. వారు కాలమును అమ్ముకొనువారు. గంటకింత అను లెక్కపై లోపలివారితో కలిసి, లోపలివారు చెప్పిన పనినే చేయుచుందురు. గుత్తపనిలో ఆలస్యమైనచో నష్టము గుత్తదారునిది. గంటల పనిలో ఆలస్యమైనచో నష్టము ఇంటియజమానిది. ఈ ఒక్క సూత్రమును మనసున ఉంచుకొన్నచో ఇరుపక్షముల మధ్య జరుగు వాదోపవాదములలో సగము అర్థమగును.

అసలు బయటివారిని ఏల పిలువవలెను? కొన్ని విద్యలు ఆఫీసునకు జీవితములో ఒక్కసారియే కావలసివచ్చును. దానికొరకు శాశ్వతోద్యోగిని నియమించుట తెలివి కాదు. ప్రభుత్వ శాఖలలోనైతే క్రొత్త ఉద్యోగము మంజూరగుటకంటె కాంట్రాక్టు మంజూరగుట సులభము. మరియొక కారణమును కూడ దాచకుండ చెప్పవలెను. పైయధికారి ముందే ఒక నిర్ణయమునకు వచ్చియుండును. దానిని తన గుమాస్తా చెప్పినచో ఎవ్వరును వినరు, పట్నమునుండి కోటు వేసికొని వచ్చినవాడు చెప్పినచో అందరును తల యూపుదురు. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత కంప్యూటరు విభాగములలోను చెల్లుచున్నది.

ఇక లోపలివాని విద్య ఎట్టిదో ఒక చిన్న ఉదాహరణముతో చెప్పుదుము. భూముల రిజిస్ట్రేషనుకొరకు ప్రోగ్రాము వ్రాయవలసి యున్నదనుకొందము. బయటి ఇంజనీరు "సర్వే నంబరు" అను మాట విని, నంబరు గనుక అంకెలు మాత్రమే పట్టు గడిని ఏర్పరచును. మొదటి దినముననే 142/2ఏ అను భూమి వచ్చును. గీటును, అక్షరమును ఆ గడి ఒప్పుకొనదు. కౌంటరు దగ్గర ఉన్నవారు పని ఆగకుండుటకై 1422 అని కొట్టివేయుదురు. ఇరువది ఏండ్ల తరువాత ఆ భూమిపై అప్పు పుట్టించుకొనవచ్చిన మనుమనికి అది వేరొకరి భూమిగా కనబడును. పేర్ల సంగతి ఇంతకంటె చిక్కు. ఒక గ్రామములో సత్యనారాయణలు పదిమంది ఉందురు. ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట పొడియక్షరముగను ఉండును. పెండ్లియైన ఆడపడుచు పేరు పుట్టింటి దస్తావేజులో ఒకవిధముగ, అత్తింటి దస్తావేజులో మరియొకవిధముగ ఉండును. ఇవి యేవియు పుస్తకములలో లేవు. ముప్పది సంవత్సరములు ఆ బల్లవద్ద కూర్చున్న గుమాస్తా తలలో ఉన్నవి. ఆమెను అడుగకుండ వ్రాసిన ప్రోగ్రాము ఎంత వేగముగ పరుగెత్తిన అంత వేగముగ తప్పులను పోగుచేయును.

మన రాష్ట్రమున ఈ రిజిస్ట్రేషను పనియే కంప్యూటరు చరిత్రలో ఒక పెద్ద ఘట్టము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అను పథకము రెండేండ్లు ప్రయోగదశలో నడచి, 1998 నవంబరు 4వ తేదీన 214 సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులలో ప్రారంభమైనది. అంతకుముందు దస్తావేజును చేతితో పెద్ద పుస్తకములలోనికి ఎత్తి వ్రాసెడివారు. ఒక భూమిపై భారములు ఏమైన ఉన్నవా అని తెలిసికొనుటకు ఏండ్ల తరబడి సూచికలను తిరుగవేయవలసివచ్చెడిది. ఆ సర్టిఫికెటుకొరకు రైతు దినములకొలది తిరిగెడివాడు. ఆ ప్రోగ్రాములను వ్రాసినది నేషనల్ ఇన్‌ఫర్మేటిక్స్ సెంటరు. అదియు ప్రభుత్వ సంస్థయే యైనను రిజిస్ట్రేషను శాఖకు బయటిదే. నాడు ఆ శాఖకు నాయకత్వము వహించిన అధికారి జె. సత్యనారాయణగారు తరువాత తమ అనుభవమును ఇంగ్లీషున గ్రంథముగ వ్రాసిరి. మా దృష్టిలో ఆ పథకము నిలచుటకు ముఖ్యకారణము యంత్రములు కావు. శాఖలోని ఉద్యోగులకే శిక్షణ నిచ్చి వారిచేతనే కౌంటరు నడిపించుట. ప్రోగ్రాము బయట పుట్టినను పెరిగినది ఇంటిలో. లంచములు దానితో పోయెనా అని శ్రోతలు అడుగవచ్చును. యంత్రము వేగమును ఇచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము యంత్రమువద్ద లేదు.

దీనికి విరుద్ధముగ జరిగిన కథ ఆస్ట్రేలియా దేశపు క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున ఉన్నది. అచ్చటి ఆరోగ్యశాఖలో సుమారు 78,000 మంది ఉద్యోగులకు జీతములు లెక్కించు ప్రోగ్రామును ఐ.బి.ఎం. సంస్థ తయారుచేయగా 2010 మార్చిలో ప్రారంభించిరి. నర్సులలో కొందరికి జీతము తక్కువ వచ్చెను, కొందరికి ఎక్కువ వచ్చెను, కొందరికి అసలే రాలేదు. రాత్రి డ్యూటీలు, మారుడ్యూటీలు, పండుగనాటి భత్యములు ఇన్ని విధములుగ ఉన్న జీతములను లెక్కకట్టు నియమములను ముందుగ ఎవ్వరును పూర్తిగ వ్రాసి ఇయ్యలేదు. అరవై లక్షల డాలర్లకు మొదలైన ఒప్పందపు వ్యవహారము చివరకు నూటయిరువది కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల భారముగ పరిణమించినట్లు అంచనా. 2013లో విచారణ సంఘము తన నివేదికలో తప్పును ఒక్క కంపెనీమీదనే మోపలేదు. తనకేమి కావలెనో ప్రభుత్వమే నిర్ణయించుకొనలేకపోయినదనియు, తొందరపడినదనియు చెప్పినది. గుత్తదారునకు ఇంటి కొలతలు చెప్పకుండ పునాది తీయుమని పంపినచో జరుగునది ఇదియే. ఏమైన నేమి, ఆ నెలలో ఇంటి అద్దె కట్టుకొనలేక చిక్కుపడినది నర్సులు గాని, విభాగాధిపతులును కారు, కన్సల్టెంట్లును కారు.

బ్రిటనులో జరిగినది మరింత దారుణము. అచ్చటి పోస్టాఫీసు సంస్థ 1999నుండి 'హొరైజన్' అను లెక్కల ప్రోగ్రామును గ్రామముల పోస్టుమాస్టర్ల బల్లలమీద పెట్టినది. దానిని తయారుచేసి నడిపినది బయటి కంపెనీయగు ఫుజిట్సు. లెక్కలో సొమ్ము తక్కువైనట్లు యంత్రము చూపినప్పుడెల్ల పోస్టుమాస్టరే దొంగయని నిర్ణయించిరి. 1999 మొదలు 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడినవి. కొందరు చెరసాలకు పోయిరి, కొందరు ఇండ్లు అమ్ముకొనిరి, కొందరు ప్రాణములే తీసికొనిరి. యంత్రములో లోపములున్నవని 2019లో హైకోర్టు తీర్పు చెప్పినది. 2024లో పార్లమెంటు చట్టముచేసి ఆ శిక్షలను రద్దుపరచినది. ఇందులో మన విషయమునకు సంబంధించిన అంశమొకటి కలదు. పోస్టుమాస్టరు ఖాతాలోనికి బయటి కంపెనీ ఇంజనీర్లు దూరమునుండియే ప్రవేశింపగలిగియుండిరి. అట్టి అవకాశమే లేదని పోస్టాఫీసు సంస్థ చాలకాలము చెప్పుచు వచ్చినది. అనగా తన ఇంటి తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో ఇంటియజమానికే తెలియదు, లేదా తెలిసియు చెప్పలేదు. కంప్యూటరు విభాగమున బయటివారికి ఏయే గదుల తాళములు ఇచ్చితిమి, ఎవరు ఎప్పుడు తెరచిరి అను పట్టిక ఎందుకు ఉండవలెనో దీనికంటె వివరముగ చెప్పనక్కరలేదు.

ఇక మన తపాలా శాఖ. కోరుకొండ పోస్టాఫీసునకు పోయి స్పీడుపోస్టు చేయువారు ఆ కౌంటరు వెనుక జరిగిన మార్పులను గమనించియుండకపోవచ్చును. తొలినాళ్ళలో ఈ శాఖ తన కౌంటరు పనికి 'మేఘదూత్' అను ప్రోగ్రామును తన సాఫ్ట్‌వేరు కేంద్రములోనే వ్రాయించుకొన్నది. శాఖలోని పోస్టల్ అసిస్టెంట్లలో కంప్యూటరుపై ఆసక్తి గలవారిని ఏరి 'సిస్టం అడ్మినిస్ట్రేటర్లు'గ నియమించెడివారు. నిన్నటివరకు ముద్రలు వేసినవారే నేడు మోటారుసైకిలుపై ఊరూరికి తిరిగి యంత్రములను బాగుచేసెడివారు. 2012లో 4,909 కోట్ల రూపాయలతో ఆధునికీకరణ పథకమును ప్రభుత్వము ఆమోదించినది. సేవింగ్సు బ్యాంకు, బీమా పనులు ఇన్ఫోసిస్‌కును, ఉత్తరములు, ఖాతాలు, ఉద్యోగుల వివరములు మొదలగు పనులు 2013లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును అప్పగింపబడినవి. 2017 డిసెంబరులో బ్రాంచి పోస్టాఫీసులకు 'దర్పణ్' అను చేతియంత్రములను ఇచ్చుటకు ఆరంభించిరి. పల్లెలోని గ్రామీణ డాక్ సేవకుడు పింఛను చెల్లించుచు, సిగ్నలుకొరకు ఆ యంత్రమును పట్టుకొని వీథిచివరవరకు నడచు దృశ్యము మన శ్రోతలకు పరిచితమే.

అటుపిమ్మట చక్రము మరల తిరిగినది. మైసూరులోని తపాలా శాఖవారి సాంకేతిక కేంద్రము, 'సెప్ట్' అను పొడిపేరు గలది, శాఖ ఉద్యోగులతోనే క్రొత్త ప్రోగ్రామును వ్రాయించినది. దానికి 'అడ్వాన్స్‌డ్ పోస్టల్ టెక్నాలజీ' అని పేరు. మొదట కర్ణాటకలో పరీక్షించి, సర్కిలు తరువాత సర్కిలుగ విస్తరించి, 2025 ఆగస్టు 4వ తేదీకి దేశమంతటను 1,64,000కు మించిన పోస్టాఫీసులలో ప్రవేశపెట్టిరి. తొలిదినములలో పలుచోట్ల యంత్రము నత్తనడక నడచి కౌంటర్లముందు వరుసలు పెరిగిన మాట నిజమే. అయినను మేము గమనింపదగినదని భావించునది వేరొకటి. ఏండ్ల తరబడి బయటివారితో కలిసి పనిచేసిన సిస్టం అడ్మినిస్ట్రేటర్లు, ఏది ఎక్కడ విరుగునో, ఏ గడిని కౌంటరువారు ఎందుకు తప్పుగ నింపుదురో ఎరిగినవారు శాఖలోపలనే మిగిలియుండిరి. అట్టివారు మిగులకపోయినచో శాఖ తన యంత్రమును తాను వ్రాసికొనుటను గురించి ఆలోచింపనైన లేకపోయెడిది. బయటివారు వచ్చుట నష్టము కాదు, ఇన్ఫోసిస్ రానిదే మన పాసుపుస్తకము ఏ పోస్టాఫీసులోనైన చెల్లెడిది కాదు. వారి ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టితిమి, వారు ఏమి నేర్చుకొనిరి అనునదే లెక్కకు వచ్చినది.

ఈ ప్రక్కన కూర్చుండు పని చెప్పినంత సులభము కాదు. మన ఆఫీసులలో సంబోధననుండియే చిక్కు మొదలగును. ఏబది యేండ్ల సూపరింటెండెంటు ఇరువదినాలుగేండ్ల కుఱ్ఱవానిని "ఇంజనీరుగారూ" అని పిలువవలసివచ్చును. అతడు ఆమెను "మేడమ్" అనును. తనకంటె అతనికి జీతమెక్కువని ఈమెకు తెలియును. తన ఉద్యోగము ఆరు నెలలకు మించి ఉండునో ఉండదో అతనికి తెలియదు. మెడలోని గుర్తింపుకార్డుల రంగులు వేరు, భోజనపు కూపన్లు వేరు. సంక్రాంతికి శాఖ ఉద్యోగులకు మిఠాయిపొట్లములు పంచునప్పుడు బయటివారి బల్లలను దాటిపోవు ఆఫీసులు కలవు. మరునాడు అర్ధరాత్రి సర్వరు ఆగినప్పుడు ఫోను చేయవలసినది ఆ బల్లవానికే. మిఠాయికి ఖర్చు ఎంత?

ఇందుకు ఎదురుగ లోపలివారికి ఉండు భయము కూడ నిష్కారణము కాదు. తమకు తెలిసినదంతయు చెప్పివేసినచో తాము ఎందుకని అడుగుదురేమో యని వారు సగము దాచుకొందురు. బయటివాడును అంతే. తాను వ్రాసినది తనకు మాత్రమే అర్థమగునట్లు ఉంచుకొన్నచో కాంట్రాక్టు పొడిగింతురని అతని ఆశ. ఇరువురును సగము సగము దాచుకొన్న యంత్రము పూర్తిగ తెలిసినవారు లోకమున ఎవ్వరును ఉండరు.

అనుభవజ్ఞులు పాటించు పద్ధతులను క్లుప్తముగ చెప్పుదుము. ప్రోగ్రాములోని ప్రతి భాగమునకు లోపల ఒక మనిషి పేరు మొదటి దినముననే వ్రాసియుంచవలెను. అప్పగింత అను పేరుతో ఆఖరి పక్షము దినములలో చేయు శ్రాద్ధము పనికిరాదు. మూలప్రోగ్రాము, తాళపు మాటలు ఆఫీసు పేరనే ఉండవలెను, ఏ ఇంజనీరు సొంత ఖాతాలోను ఉండరాదు. వ్రాసియిచ్చిన కాగితములు సరిగ ఉన్నవో లేదో చూచుటకు ఒక మంచి ఉపాయము కలదు. నెలాఖరు లెక్కలనాడు బయటివారిని సెలవుపై పంపి, ఆ కాగితములను మాత్రమే చేతబట్టుకొని లోపలివారిచేత పని నడిపింపవలెను. ఎక్కడ ఆగిపోవుదురో అక్కడ కాగితము తప్పు. ఇది చేయు ఆఫీసులు చాల తక్కువ. ఒప్పందములో ప్రారంభపు తేదీని గూర్చి పది పుటలు వ్రాయుదురు, విడిపోవు దినమునుగూర్చి రెండు పంక్తులు వ్రాయుదురు. పెండ్లినాడు విడాకుల మాట ఎత్తుట అపశకునము కావచ్చును గాని కాంట్రాక్టునకు ఆ పట్టింపు తగదు.

ఇంతవరకు మనము ఇంటివారి అరుగుమీద కూర్చుండి మాటలాడితిమి. గోదావరి మండలమునకు రెండవ అరుగుకూడ ఉన్నది. ఎందుకనగా లోకములోని పెక్కు కంప్యూటరు విభాగములలో ఆ బయటివారు మన పిల్లలే.

ఈ కథకు మూలపురుషులలో ఒకరు పశ్చిమగోదావరివారే. బి. రామలింగరాజుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన సత్యం సంస్థకు 1991లో అమెరికాలో ట్రాక్టర్లు తయారుచేయు డీర్ కంపెనీ పని లభించినది. సముద్రముల అవతలనుండి ప్రోగ్రాములు వ్రాయుట సాధ్యమగునా అని డీర్‌వారి సందేహము. అందుకు సత్యమువారు ఇలినాయి రాష్ట్రమున డీర్ ఆఫీసు సమీపముననే తమ ఇంజనీర్లను ఉంచి, భారతదేశపు వేళలలో పనిచేయించి, ముఖాముఖి మాటలు లేకుండ కంప్యూటరుద్వారానే సమాచారము నడిపి చూపించిరి. దూరమును దగ్గరలోనే అభినయించి చూపిన నాటకమది. పని సాగినది. అదే సంస్థ 2009 జనవరి 7వ తేదీన లెక్కల మోసము బయటపడి కూలిపోయి, పరహస్తగతమైనది. కాని తెరచిన దారి మాత్రము మూతపడలేదు.

ఆ దారి రాజమార్గమైనది 2000 సంవత్సరపు చిక్కువలన. 1960 ప్రాంతమున కంప్యూటరు జ్ఞాపకశక్తి చాల ఖరీదైనది గనుక సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసెడివారు. 1935లో పుట్టినవానికి 1999లో వయసెంత అనగా 99లోనుండి 35 తీసివేసి 64 అని యంత్రము చెప్పెడిది. 2000 రాగానే సున్నలోనుండి 35 తీసివేయవలసివచ్చును. పింఛనులు, వడ్డీలు, బీమాలు అన్నియు తలక్రిందులగును. కోట్లకొలది పంక్తుల పాత ప్రోగ్రాములను ఒక్కొక్కటిగ చూచి దిద్దవలసివచ్చినది. వాటి భాష కోబాల్. అమెరికాలో దానిని నేర్చినవారు వయసు మళ్ళిన ఉద్యోగులు. మన పిల్లలు హైదరాబాదు అమీర్‌పేటలో నెలల వ్యవధిలో నేర్చుకొని విమానమెక్కిరి. హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 1990 నాటి చట్టమున 65,000. అది పెరిగి పెరిగి 2001 మొదలు 2003 వరకు 1,95,000కు చేరి, 2004లో మరల 65,000కు దిగినది. ముప్పది సంవత్సరముల క్రిందట ఆ ప్రోగ్రాము వ్రాసిన తెల్లజుట్టు ఉద్యోగియు, ఏలూరునుండియో కాకినాడనుండియో వచ్చిన కుఱ్ఱవాడును ఒకే తెరముందు కూర్చుండి "ఈ పంక్తి ఎందుకు వ్రాసితిరి?" అని మాటలాడుకొన్న దినములవి. ప్రక్క కుర్చీ సాహచర్యమునకు ఆ ముచ్చటలే మంచి పాఠశాలలు.

చైనా దేశీయుడైన పరిశోధకుడు శియాంగ్ బియావో ఈ తెలుగు ఇంజనీర్ల వెంట హైదరాబాదునుండి సిడ్నీవరకు తిరిగి, కోస్తా గ్రామములనుకూడ చూచి, 2007లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు అతడు వర్ణించిన 'బెంచి' మన ఇండ్లలో చాలమందికి పరిచితమైన మాట. పని దొరకువరకు కన్సల్టెన్సీవారి గదిలో పదిమందితో కలిసి కూర్చుండుటయే బెంచి. పని దొరకిన తరువాత కూడ నడుమ అంచెలు ఉండును. ఆఫీసువారు పెద్ద కంపెనీకి గంటకింత అని చెల్లింతురు, ఆ కంపెనీ తన భాగము మినహాయించుకొని మరియొకదానికి పంపును, అది మరియొకదానికి. మూడు చేతులు మారి అబ్బాయి చేతికి వచ్చు సొమ్ము వేరు, అతని పేర ఆఫీసువారు వ్రాసికొన్న ఖర్చు వేరు. ప్రక్క కుర్చీలోని అమెరికా ఉద్యోగి ఆ పెద్ద అంకెను చూచి అసూయపడును. అబ్బాయి చిన్న అంకెను చూచి నిట్టూర్చును. ఒకే మనిషి జీతమునుగూర్చి ఇరువురును చెప్పునది నిజమే.

ఆ సాహచర్యము అతి కఠినమైన రూపము ధరించినది ఫ్లారిడాలో. 2014 అక్టోబరులో ఆర్లాండో నగరమందలి డిస్నీ సంస్థ కంప్యూటరు విభాగమున సుమారు 250 మందికి మరుసటి జనవరిలో ఉద్యోగములు పోవునని నోటీసులిచ్చిరి. మిగిలిన మూడు నెలలలో తమ స్థానమున రాబోవువారికి తామే పని నేర్పవలసివచ్చినదని వారిలో పలువురు చెప్పిరి. వచ్చినవారిలో పెక్కుమంది భారతీయులు. జ్ఞానమును అందించుట అని దానికి ముద్దుపేరు. నేర్పుచున్నవాని అవమానమును ఊహించుట కష్టము కాదు. నేర్చుకొనుచున్నవాని స్థితిని గూర్చి వ్రాసినవారు తక్కువ. ఎదుటివాని ఉద్యోగము తనవలననే పోవుచున్నదని ఎరిగియు, తన వీసా ఆ కుర్చీపైననే ఆధారపడి యుండుటచేత, కన్నెత్తి చూడక పంక్తి తరువాత పంక్తిగ వ్రాసికొన్న మన పిల్లవాని రాత్రి ఎట్లు గడచెనో అతని తల్లిదండ్రులకు ఫోనులో చెప్పియుండడు.

కనుక అట్టి పిల్లలున్న ఇండ్లవారికి ఉపయోగించు రెండు మూడు సంగతులు చెప్పుదుము. కన్సల్టెన్సీతో సంతకము చేయుటకు ముందు, పని జరుగు ఆఫీసునకును తమకును నడుమ ఎన్ని అంచెలున్నవో వ్రాతపూర్వకముగ అడుగవలెను. హెచ్-1బి పై ఉన్నవానికి పని లేని దినములలో, అనగా బెంచిపై కూర్చున్నప్పుడు, యజమాని జీతము చెల్లించి తీరవలెనని అమెరికా నిబంధన. పని దొరకువరకు జీతము లేదనుట చెల్లదు. యజమాని తాను పెట్టవలసిన వీసా అర్జీ రుసుమును ఉద్యోగిచేత కట్టించుటయు చెల్లదు. ఉద్యోగము పోయినచో, 2017 జనవరినుండి అమలైన నిబంధనప్రకారము, 60 దినములవరకు అక్కడనే ఉండి వేరొక యజమానిని వెదకికొనుటకు వ్యవధి ఉన్నది. వీసా గడువు అంతకుముందే ముగిసినచో ఆ వ్యవధియు దానితోనే ముగియును. జీతము ఎగవేసిన యజమానిపై అచ్చటి కార్మికశాఖకు డబ్ల్యు.హెచ్.-4 అను ఫారముపై ఫిర్యాదు చేయవచ్చును. తప్పు జరిగిన నాటినుండి 12 నెలల లోపల అది చేరవలెను. జీతపు చీటీలు, బ్యాంకు లెక్కలు, యజమాని వ్రాసిన ఉత్తరములు అంతవరకు భద్రపరచియుండవలెను.